నూట ఇరవై వంకర బండలు

నేను ఒక చట్రాన్ని. నాలుగు టేకు పట్టీలు, నాలుగు మూలలా నాలుగు బోల్టులు, అంతే నా ఒళ్లు. పొడుగు పట్టీలు రెండూ రెండేసి అడుగులు, పొట్టివి రెండూ అడుగున్నర చొప్పున. నడుమ అంతా ఖాళీ. నన్ను చూసి కిటికీ అనుకున్నవాళ్లున్నారు, దేవుడి పటానికి కట్టే ఫ్రేము అనుకున్నవాళ్లున్నారు. ఒకావిడ నన్ను జల్లెడ అనుకుని, వల ఎక్కడ పోయిందని కూడా అడిగింది. నేనేమీ అనుకోను. నన్ను చేసినవాడికే నేనెందుకో అర్థం కాలేదు, పాపం ఆవిడనేం అంటాం!

నన్ను చేసినవాడు ఓబుళాచారి. బేతంచెర్ల పక్కన, నాపరాళ్ల గనుల నడుమ రాళ్లకొట్టాల అని ఒక ఊరుంది. ఆ ఊరి వడ్రంగి ఆయన. ఒకరోజు హైస్కూలు లెక్కల మాస్టరు వరదరాజులు సారు చంకలో రెండు పాత టేకు ముక్కలు పెట్టుకుని వచ్చి, తనకేం కావాలో చెప్పాడు.

"మూలల్లో మేకులు కొట్టొద్దు ఆచారీ. బోల్టులు పెట్టు. చెయ్యి పెట్టి నెడితే అటూ ఇటూ వాలాల."

ఓబుళాచారి మొహం మాడిపోయింది. ముప్పై ఏళ్లుగా గుమ్మాలూ కిటికీలూ మంచాలూ చేసినవాడు. తాను చేసిన వస్తువు వాలిందని ఎవరైనా అంటే అన్నం సహించని మనిషి.

"వాలకుండా చేసేదానికే గదా సార్ నేనుండేది!"

"ఇది మాత్రం వాలాల. వాలకపోతే నాకు పనికిరాదు."

ఆచారి సణుక్కుంటూనే చేశాడు. పట్టీలను చిత్రిక పట్టి నున్నగా చేశాడు, బోల్టులు బిగించాడు, నన్నొకసారి వాల్చి చూసి నిట్టూర్చాడు. సారు నన్ను తీసుకుపోయాక భార్యతో, సారుకు ఎండదెబ్బ తగిలినట్టుందని చెప్పాడట. పుట్టినరోజునే ఇంత గౌరవం దక్కిన వస్తువు లోకంలో ఇంకోటి ఉంటుందనుకోను.

నేనేమిటో నాకు తెలిసింది మర్నాడు ఎనిమిదో తరగతి గదిలోనే. సారు నన్ను బల్లమీద నిలబెట్టి, కింది పట్టీని ఒక చేత్తో పట్టుకుని, పై పట్టీని రెండో చేత్తో మెల్లగా పక్కకు నెట్టాడు. నేను ఒరిగాను. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"నవ్వినారు గదా, ఇప్పుడు సూడండి. ఈ మూల నలిగింది. దాని పక్క మూల విచ్చుకుంది. ఈడ ఎంత తగ్గిందో ఆడ అంత పెరిగింది. పక్కపక్క మూలలు రెండూ కలిపితే ఎప్పుడూ నూట ఎనబై. ఎదురెదురు మూలలు ఎప్పుడూ ఒగదానికొగటి సమానం. నేనెంత నెట్టినా అంతే. దీన్నే సమాంతర చతుర్భుజం అంటారు."

చెప్పొద్దూ, నాకు గర్వమేసింది. నాలో ఇంత పద్ధతి ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. వాలడం నా లోపమనుకున్నాను. వాలినప్పుడు కూడా లెక్క తప్పకపోవడం నా గుణమని సారు చెప్పాకే తెలిసింది. నన్ను నిటారుగా నిలబెడితే నాలుగు మూలలూ తొంబై. అప్పుడు నేను దీర్ఘచతురస్రాన్ని. ఇంకో సంగతి కూడా చెప్పాడాయన. నా మూలల్లో ఒక్కటి తొంబై అయిందంటే మిగతా మూడూ తొంబై అయి తీరాల్సిందే, అందుకని నన్ను సరిచూడాలంటే ఒక్క మూల చూస్తే చాలట.

మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. పేరు సుంకులమ్మ. బండల ఫ్యాక్టరీలో రాళ్లు మోసే సుబ్బక్క కూతురు. రెండు జడలు, నోట్లో నాలుక నిలవని రకం.

"అది పట్టీలు జతజతగా సరిపోయినందుకు సార్. ఎట్లంటే అట్ల నాలుగు గీతలు గీస్తే?"

సారు కళ్లు మెరిశాయి. ఆయన ఎదురుచూస్తున్న ప్రశ్న అదే.

"అందరూ ఒగ కాగితం తీయండి. ఇష్టమొచ్చినట్టు నాలుగు గీతల బొమ్మ గీయండి. ఎంత వంకరగా గీస్తే అంత మంచిది. కత్తిరించి, నాలుగు మూలలూ చింపి, మొనలు నాలుగూ ఒగచోట చేర్చండి."

సుంకులమ్మ గీసిన బొమ్మ ఎంత వంకరగా ఉందంటే, పక్కన కూర్చున్న పిల్ల పగలబడి నవ్వింది. ఒక మూల సూదిగా ఉంది, ఒకటి పళ్లెంలా పరుచుకుంది, మిగతా రెండూ ఎటు పోవాలో తెలియనట్టున్నాయి. నాలుగూ చింపి, బెంచీ మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్క చుట్టూ పేర్చింది. ఎక్కడా సందు లేదు. ఎక్కడా ఒకదాని మీదికి ఒకటి ఎక్కలేదు. చుట్టూ తిరిగి మొదటికే వచ్చింది.

"మూడు వందల అరవై," అన్నాడు సారు ఆమె వెనక నిలబడి. "బొమ్మను మూల నుంచి మూలకు కోస్తే రెండు త్రిభుజాలైతాయి. ఒక్కోటి నూట ఎనబై. అందుకే ఎంత వంకరదైనా నాలుగు మూలలూ ఒక్కటైతే సందుండదు."

ఆ పిల్ల చాలాసేపు ఆ చుక్క వైపే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నాకు బాగా గుర్తు.

తొమ్మిదో తరగతి సగంలో సుబ్బక్క నడుం పడిపోయింది. బండలు మోసే తల్లి మంచాన పడితే ఆ తట్ట ఎవరి తల మీదికి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. వరదరాజులు సారు నాలుగుసార్లు ఇంటికి వచ్చాడు. చెప్పాడు, బతిమాలాడు, కోప్పడ్డాడు. నాలుగోసారి వచ్చేటప్పటికి ఆయనకు బదిలీ కాగితం వచ్చింది. ఆరోజు నన్ను వెంట తెచ్చి సుంకులమ్మ చేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గరుండనీ. మళ్లా బడికి వచ్చినప్పుడు తెచ్చియ్యి."

ఆ పిల్ల తల ఊపింది. ఏడవలేదు. ఆయన వీధి మలుపు తిరిగాక ఏడ్చింది.

తరవాతి ఏడేళ్లు నా జీవితంలో కోళ్ల శకం. సుబ్బక్కకు నా విలువ తెలియక కాదు, తెలిసే నన్ను కోళ్లగూటికి తలుపుగా పెట్టించింది. నా నడుమ పాత వల కట్టించింది. వాలే తలుపును కనిపెట్టడానికి కోళ్లకు ఎంతో కాలం పట్టలేదు. ముక్కుతో ఒక మూల పొడిచేవి, నేను వాలేదాన్ని, పక్క మూల విచ్చుకునేది, ఆ సందులోంచి ఒక్కొక్కటే దర్జాగా బయటికి నడిచేవి. వరదరాజులు సారు పాఠం ఆ ఊళ్లో కోళ్లకు వంటబట్టినంతగా ఇంకెవరికీ వంటబట్టలేదు.

ఆ ఏడేళ్లూ సుంకులమ్మ గిడ్డారెడ్డి బండల ఫ్యాక్టరీలో తలమీద రాళ్లు మోసింది. గని నుంచి వచ్చే నాపరాయి అడ్డదిడ్డంగా ఉంటుంది. దాని మీద కొలతకు గీత గీయాలి. ఆ గీత వెంబడి మిషను కోస్తుంది. గీతలు గీసేవాడు ఫ్యాక్టరీలో ఒక్కడే ఉంటాడు, చెవిలో ఎర్ర పెన్సిలు పెట్టుకుని. ఆ పెన్సిలు ఉన్న చెవికి మర్యాద వేరు. మోసేవాళ్లు వంద మంది వస్తారు, పోతారు. గీసేవాడిని మాత్రం పేరు పెట్టి పిలుస్తారు.

ఏడో ఏడు దసరాకు నెలముందు, గీసేవాడు తాడిపత్రికి వలసపోయాడు. ఇంకొకడు దొరకలేదు. గిడ్డారెడ్డి షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ విసుక్కుంటుంటే, సుంకులమ్మ తలమీది బండ దించి చెప్పింది.

"నేను గీస్తా సార్."

షెడ్డంతా నవ్వింది. గిడ్డారెడ్డి నవ్వలేదు. చెడ్డవాడు కాదు, చాదస్తుడు. ఆమెను ఎగాదిగా చూసి, ఒక రాయి చూపించి, "గీయి," అన్నాడు. ఆమె ఇంటికి పరిగెత్తి, కోళ్లను అదిలించి, నా నడుమ వల పీకేసి, నన్ను తీసుకొచ్చింది. షెడ్డులోని మట్టం, అంటే మూల తొంబై ఉందో లేదో చూసే ఇనుప మూలమట్టం, నా ఒక మూలకు ఆనించి, బోల్టులు బిగించి, నన్ను రాతిమీద పరిచి, చుట్టూ గీసింది. మిషను కోశాక గిడ్డారెడ్డి ఆ బండ నాలుగు మూలలూ చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"సరే. మన హైస్కూల్లో కొత్త గది కడతాండారు. దానికి నూట ఇరవై బండలు నేను ఊరికే ఇస్తానన్నా. అవి నువ్వే గీయి. అంతవరకు పెన్సిలు పెట్టుకో. సరిగ్గా వచ్చినాయంటే అది నీదే. తేడా వచ్చిందంటే మళ్లా తట్ట ఎత్తుకోవాల. మాట మాటే."

అప్పటికి ఆమెకు ఇరవై ఒకటి. ఆ ఎర్ర పెన్సిలు చెవిలో పెట్టుకున్న రోజు సుబ్బక్క మంచంమీద లేచి కూర్చుని కూతురి మొహం పట్టుకుని చూసింది.

బడి బండలకు రాయి దిగేసరికి ఆయుధపూజ వచ్చింది. ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి.

ఆ ఫ్యాక్టరీలో పూజంటే మాటలు కాదు. పనిముట్లన్నీ కడుగుతారు, నూనె రాస్తారు, పసుపు కుంకుమ పెడతారు. మిషనుకు నిమ్మకాయల దండ. అన్నిటికన్నా పెద్దపీట ఆ ఇనుప మట్టానికి, ఎందుకంటే అది గిడ్డారెడ్డి తాత చేతిది. దాన్ని పీట మీద పెట్టి పూలు పోస్తారు. గిడ్డారెడ్డి మర్నాడు తానే కొబ్బరికాయ కొట్టి ఎత్తేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఆ ఇంట్లో మూడు తరాలుగా అదే ఆచారం.

సుంకులమ్మ నన్ను కూడా పూజలో కూర్చోబెట్టింది. శుభ్రంగా కడిగింది. భక్తి ఎక్కువై, నా నాలుగు బోల్టుల్లోనూ నువ్వుల నూనె ధారగా పోసింది. ఒక్కో మూలకు ఒక్కో కుంకుమబొట్టు పెట్టింది. ఏడేళ్లు కోళ్లు పొడిచిన ఒంటికి అంత మర్యాద జరిగేసరికి నాకు మత్తుగా అయిపోయింది. బోల్టుకు నూనె పోస్తే పట్టు పోతుందని ఆ సంబరంలో ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మిషను ఆపరేటరు తన కొబ్బరికాయ తాను కొట్టుకుని మిషను ఎక్కాడు. గిడ్డారెడ్డి మాత్రం పండక్కి అత్తగారి ఊరు పోయి సాయంత్రం దాకా రాలేదు. మట్టం పీట మీద పూల కింద ఉంది. బడినుంచి కబురు మీద కబురు. సుంకులమ్మ పీట దగ్గరికి రెండుసార్లు పోయి, రెండుసార్లూ చేతులు జోడించి వెనక్కి వచ్చింది. చివరికి టేపు తీసి నా పట్టీలు నాలుగూ కొలిచింది. రెండడుగులు, అడుగున్నర, రెండడుగులు, అడుగున్నర.

"అన్నీ సరిపోయినాయి," అంది ఆపరేటరుతో.

సరిపోక ఏం చేస్తాయి? నేనెంత వాలినా నా పట్టీల పొడవు మారదు. మారేది మూలలే. ఆమె నన్ను ఒక మూల పట్టుకుని ఎత్తినప్పుడే నూనె బోల్టులు మెల్లగా జరిగాయి. తొంబై ఉండాల్సిన మూల ఎనబై ఏడైంది, దాని పక్కది తొంబై మూడైంది. అది గమనించకుండానే ఆమె బోల్టులు మళ్లీ బిగించేసరికి ఆ వాలులోనే నిలిచిపోయాను. మూల నుంచి ఎదురు మూలకు రెండువైపులా టేపు పట్టి ఉంటే, రెండు కొలతలకూ తేడా వచ్చి అప్పుడే తెలిసిపోయేది. తొందరలో అదీ చేయలేదు. నేను అరిచి చెప్పాలనుకున్నాను. నాకు నోరెక్కడిది? ఆ రోజంతా ఆమె నన్ను పరిచింది, గీసింది. మిషను కోసింది. సాయంత్రానికి నూట ఇరవై బండలూ ట్రాక్టరెక్కాయి.

మరుసటి రోజు సుంకులమ్మ నన్ను చంకన పెట్టుకుని బడికి వెళ్లింది, తన బండలు పరుస్తుంటే చూసుకోవాలని. ఆ గది ఇంకో నాలుగు రోజుల్లో తెరవాలి. పిల్లలు రేకుల షెడ్డులో చెమటలు కక్కుతూ చదువుతున్నారు. గది నాలుగు వైపులా నల్లబండ అంచు అప్పటికే వేసి ఉంది. లోపల ఇరవై అడుగులు ఇటు, పద్దెనిమిది అడుగులు అటు. బండలు పరిచే మేస్త్రీ హుసేనప్ప దారం కట్టి, మొదటి బండ మూలలో పెట్టాడు. గోడవైపు అంచుకు ఆనింది. పక్క అంచు దగ్గర సందు. ఒక కొసన ఏమీ లేదు, రెండో కొసన అంగుళం. బండ తిప్పాడు. అంతే. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే. చేతిలో తాపీ కింద పెట్టాడు.

"ఎవురు గీసినారు ఈటిని? నలభై ఏండ్లాయ బండలు పరుస్తాండా, ఇట్లాంటి వంకర బండలు సూడలేదప్పా!"

సుంకులమ్మ నన్ను చంకలోంచి తీసింది. నా వైపు చూసింది. నా మూలల వైపు చూసింది. ఆమెకు అర్థమైపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

గిడ్డారెడ్డి మోటారుసైకిలు మీద వచ్చాడు. తాత మట్టం వెంట తెచ్చాడు. పది బండలు చూశాడు. పదీ ఒకే రకం వంకర.

"మట్టం పెట్టి సూడలేదా?"

"అది పూజలో ఉండె సార్. మీరు ఎత్తాల గదా అని..."

ఆయన ఆచారమే ఆయనకు అడ్డొచ్చేసరికి కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. చుట్టుపక్కల దొరికింది ఆమె చెవిలోని పెన్సిలు. దాన్ని లాగేసి తన జేబులో పెట్టుకున్నాడు.

"మూలలు చెక్కేస్తే?" అని మేస్త్రీని అడిగాడు.

"చెక్కితే బండకు అంగుళం పోతాది రెడ్డీ. వరసకు పది బండలు. పదంగుళాలు యాడనుంచి తెస్తావు?"

"ఆ రంగు రాయి ఆ గనిలో అయిపాయ," అన్నాడు గిడ్డారెడ్డి. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ట్రాక్టరు పిలిపించండి. కంకరకు పంపిద్దాం. సుంకులమ్మా, రేపట్నుంచి తట్ట ఎత్తుకో."

ఆమె నన్ను గుండెలకు ఆనించుకుని నిలబడింది. ఆమె గుండె కొట్టుకోవడం నా పట్టీలకు తెలుస్తోంది. కాసేపటికి ఆ కొట్టుకోవడం నిదానించింది. నేను తలెత్తి చూస్తే, చాలా ఏళ్ల కిందట బెంచీమీద చుక్క వైపు చూసిన చూపే ఆమె మొహంలో ఉంది.

"హుసేనప్ప మామా, ఒక్క నాలుగు బండలు నన్ను పరచనీ."

"పరుచుకో. పోయేదేముంది."

ఆమె గది మధ్యలో కూర్చుని బొగ్గుతో ఒక చుక్క పెట్టింది. నాలుగు బండలను ఒకే దిక్కుగా తెచ్చి, ఆ చుక్క దగ్గర నాలుగు మూలలూ కలిసేట్టు పరిచింది. ఎనబై ఏడు, తొంబై మూడు, ఎనబై ఏడు, తొంబై మూడు. సందు లేదు. మేస్త్రీ వంగి వేలితో తడిమాడు. వేలికి గీత తగిలింది గానీ సందు తగల్లేదు.

"వంకరవే మామా. కానీ అన్నీ ఒగే వంకర. ఒగే వంకర అయితే నాలుగు మూలలూ కలిసేకాడ మూడు వందల అరవై వస్తాది. గదంతా పరిచినా సందు రాదు."

"మధ్యలో రాదు, ఒప్పుకున్నా," అన్నాడు హుసేనప్ప. ఆయన తేలిగ్గా లొంగే మనిషి కాదు. "గోడకాడ ఏం జేస్తావు? ఈ పక్క సందు, ఆ పక్క బండ గోడలోకి పోతాది. గోడ పగలగొట్టమంటావా?"

అది గట్టి ప్రశ్న. ఆమె నన్ను ముందు పెట్టుకుని, నన్నే చూస్తూ కూర్చుంది. నా కింది పట్టీ మీద వేలు ఆనించి, అక్కణ్నుంచి పై పట్టీకి నిటారుగా గాలిలో ఒక గీత గీసింది. మళ్లీ గీసింది. తరవాత లేచి, గిడ్డారెడ్డి చేతిలోని మట్టం వైపు చెయ్యి చాపింది.

"ఒక్కసారి ఇయ్యండి సార్."

ఆయన ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఆయనకే తెలియదనుకుంటాను. ఆమె ఒక బండకు మట్టం ఆనించి, దాని నడుమ నిటారుగా బొగ్గుతో గీత గీసింది.

"ఈడ కోయి మామా. రెండు ముక్కలు చేయి."

హుసేనప్ప చేతి కట్టరుతో కోశాడు. రాతి దుమ్ము లేచి సర్దుకుంది. ఆమె కుడి ముక్కను తీసుకుపోయి వరస ఎడమ కొసన పెట్టింది. ఎడమ ముక్కను కుడి కొసన పెట్టింది. కోసిన అంచులు రెండూ తొంబైతొంబై మూలలతో నల్లబండ అంచులకు బుద్ధిగా ఆనాయి. వాలిన అంచులు రెండూ లోపలి బండల వాలుకు సరిపోయాయి. నడుమ తొమ్మిది బండలు నిండుగా పట్టాయి. తక్కువా లేదు, ఎక్కువా లేదు. ఒక్క చిన్న ముక్క కూడా మిగల్లేదు.

హుసేనప్ప దారం లాగి చూశాడు. ఇంకోసారి లాగాడు. తర్వాత తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"పక్క వరస అంగుళం పక్కకు జరుగుతాది," అన్నాడు నిదానంగా. "దానికి కోత కూడా అంగుళం జరిపితే సరి. అంతేనా పాపా?"

"అంతే మామా. వరసకు ఒగ బండ. పన్నెండు వరసలు."

"పన్నెండు కోతలు. ఓస్, ఇంతేనా!" ఆయన గిడ్డారెడ్డి వైపు తిరిగాడు. "రెడ్డీ, ట్రాక్టరు గీక్టరు ఏం వద్దు. నువ్వు టీ పంపీ."

మూడు రోజుల్లో గది పూర్తయింది. గుమ్మంలో నిలబడి చూస్తే అడ్డగీతలన్నీ తిన్నగా గోడకు పోతాయి, నిలువు గీతలన్నీ ఒకే వైపుకు కాస్త వాలి ఉంటాయి, పైరగాలికి జొన్నచేను వాలినట్టు. వంకరగా పరిచారని ఎవరూ అనుకోలేదు. కావాలనే అలా పరిచారనుకున్నారు. ఇది ఏ డిజైను అని అడిగిన హెడ్మాస్టరుకు, ఇది చాలా కష్టమైన పని అనీ, అందరికీ చేతకాదనీ హుసేనప్ప గంభీరంగా చెప్పాడు. మనుషులు ఒప్పుకోవడానికి ఎంత ఎక్కువ టైము తీసుకుంటారో, సొంతం చేసుకోవడానికి అంత తక్కువ తీసుకుంటారు.

గది తెరిచేరోజు గిడ్డారెడ్డి ఒక్కడే ముందుగా వచ్చి, నాలుగు మూలలా మట్టం పెట్టి చూసుకున్నాడు. బయట సుంకులమ్మ నన్ను పట్టుకుని నిలబడి ఉంది. ఆయన జేబులోంచి ఎర్ర పెన్సిలు తీశాడు.

"ఇంద. చెవిలో పెట్టుకో."

ఆమె కదల్లేదు. నమ్మలేకపోయింది.

"పెట్టుకో అంటాంటే! ఇంకో మాట. ఈసారి మట్టం పూజలో ఉన్నా సరే, నన్నడగాల్సిన పని లేదు. దండం పెట్టుకుని ఎత్తుకో. మా తాత ఏమీ అనుకోడు."

మూడు తరాల ఆచారం ఆ ఒక్క మాటతో సర్దుకుంది. సుంకులమ్మ కళ్లు నిండాయి. నాకు కన్నీళ్లు లేవు గానీ ఉంటే నాకూ అదే జరిగేది.

గిడ్డారెడ్డి అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నన్ను చూపించి, "దీనికి మూల నుంచి మూలకు ఒగ పట్టీ అడ్డంగా కొట్టియ్యి. జన్మలో వాలదు," అన్నాడు. నా ప్రాణం పోయినంత పనైంది. అడ్డపట్టీ కొడితే నేను రెండు త్రిభుజాలైపోతాను. త్రిభుజం వాలదు. ఓబుళాచారి సంతోషిస్తాడేమో గానీ, నేను నేనుగా మిగలను.

"ఫ్యాక్టరీకి వేరే చట్రం చేయిస్తా సార్, అడ్డపట్టీతోనే," అంది సుంకులమ్మ. "ఇది నాది కాదు. తిరిగి ఇచ్చేసేది ఉండాది."

ఆమె చెప్పులు విప్పి లోపలికి నడిచింది. పిల్లలు అప్పటికే ఆ వాలు గీతల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. వరదరాజులు సారు చోట ఇప్పుడు నీలవేణి టీచరు ఉంది. సుంకులమ్మ నన్ను రెండు చేతులా ఆమెకు అందించింది.

"దీన్ని వరదరాజులు సారు నాకిచ్చినాడు మేడం. మళ్లా బడికి వచ్చినప్పుడు తెచ్చియ్యమన్నాడు. వచ్చినా."

టీచరు నన్ను తీసుకుని, వాల్చి చూసి, నేల వైపు చూసింది. ఆమెకు సంగతి అందింది. తెలివైన మనిషి. నన్ను మళ్లీ సుంకులమ్మ చేతిలోనే పెట్టి, తాను పోయి పిల్లల మధ్య కూర్చుంది.

"ఈ నేల ఎట్ల వచ్చిందో మీరే చెప్పండి. మేమంతా వింటాం."

సుంకులమ్మ బోర్డు ముందుకు నడిచింది. చెవిలో పెన్సిలు సర్దుకుంది. నన్ను బల్లమీద నిలబెట్టి, మెల్లగా నెట్టింది. నేను ఒరిగాను. పిల్లలు కిసుక్కున నవ్వారు.

"నవ్వినారు గదా," అంది ఆమె. "అందరూ ఒగ కాగితం తీయండి. ఇష్టమొచ్చినట్టు నాలుగు గీతల బొమ్మ గీయండి. ఎంత వంకరగా గీస్తే అంత మంచిది."

ఇప్పుడు నేను ఆ గదిలోనే, గోడకు రెండు మేకుల మీద ఉంటాను. నా బోల్టులకు ఎవరూ నూనె పోయరు, గోడకు వేలాడే చీటీ మీద సుంకులమ్మే అట్లా రాసి పెట్టింది. అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి గానీ అందరికీ చదవడానికి వస్తున్నాయి.